గెడ్డకు ఇవతల కట్టిన హాలు

నిన్నటి నుంచి ముసురు పట్టింది. వాన అనడానికి లేదు, ఆగిందనడానికీ లేదు. తూర్పు గాలి. బిలాస్‌పూర్ సర్కండాలో మా మేడ మీద ఆరేసిన బట్టలు ఆరక గదిలో తాడు కట్టి వేశారు. ఇల్లంతా ముక్కిన వాసన. కింద వీధిలో ఆటో ఆపుకున్న కుర్రాడెవరో "మస్త్ మౌసమ్ హై భయ్యా, భజియా ఖానే కా!" అని ఇంకొకడితో కేక వేసి చెబుతున్నాడు. మా కోడలు కూడా బజ్జీలకు శనగపిండి కలుపుతోంది. తప్పు వాళ్ళది కాదు. ఈ ముసురు ఎక్కడ పుట్టిందో, దారిలో ఏమేం చేసి వచ్చిందో వాళ్ళకు తెలియదు. బంగాళాఖాతంలో లేచి, శ్రీకాకుళం ఒడ్డున ఇళ్ళ కప్పులు లేపేసి, కొండలు ఎక్కి దిగి, బలమంతా ఊడిపోయాక బిలాస్‌పూర్ చేరిన తుపాను ఇది. అక్కడ మనుషుల్ని తీసుకుపోయిన గాలి, ఇక్కడికి వచ్చేసరికి అప్పడాలు మెత్తబెడుతుంది. ఆ తడి వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. బజ్జీలు వద్దన్నాను. కోడలు "ఏమైంది మావయ్యా?" అంది. ఏం చెప్పను? ఎర్రయ్య గారి గురించి చెప్పాలంటే బజ్జీలు చల్లారిపోతాయి. అందుకని రాస్తున్నాను.

ఎర్రయ్య గారు బొగ్గు బండ్ల డ్రైవరు. నేను ఆయన దగ్గర అసిస్టెంటుని. ఎనభైల్లో మాట, అప్పటికి ఇది మధ్యప్రదేశ్. మేం కోర్బా నుంచి బొగ్గు లాగేవాళ్ళం. ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ మంచివాడనే మాట వెంటనే అనేవారు కారు. మీసానికి రంగు, మెడకు పట్టు రుమాలు, సదర్ బజార్‌లో కొన్న అత్తరు. డ్యూటీకి అత్తరు పూసుకుని వచ్చే డ్రైవరు మా ఇంజన్ల షెడ్డులో ఆయనొక్కడే. నోరు మాత్రం పరమ బూతు. స్టేషను మాస్టర్లు ఆయనతో వాదించడం మానేసి చాలాకాలమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకు తోటి మనుషులు "చేపల కంపు" అని పేరు పెట్టారట. ఆ రోజు మొదలుపెట్టిన అత్తరు మరి మానలేదు. ఆయనది సముద్రం ఒడ్డున పేట. గెడ్డకు అవతల, ఊరికి దూరంగా, ఇసుకలో వేసిన పాకలు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళకు ఒక సంఘం ఉంది, అందులో చాలామందిది గెడ్డకు ఇవతల ఉన్న ఊరు. గెడ్డ అంటే పెద్ద నది ఏమీ కాదు, ఎండాకాలం మోకాలి లోతు నీళ్ళు. ఆ నీళ్ళకు అటూ ఇటూ ఉన్న దూరం ఎంతో నాకు తర్వాత తెలిసింది.

కొత్తగా ఆయన దగ్గర చేరినప్పటి సంగతి. ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా అరిచి చెప్పాలి. డ్రైవరు అదే మాట తిరిగి అరవాలి. ఇద్దరూ పలికితేనే లెక్క. ఒక మధ్యాహ్నం చాంపా దాటాక సిగ్నల్ వచ్చింది, పచ్చగా. ఆయన దానివైపే చూస్తున్నారు. ఇద్దరమూ చూశాం కదా, ఇంక అరవడం దేనికని ఊరుకున్నాను. ఆయనా ఏమీ అనలేదు. తర్వాతి స్టేషన్లో మమ్మల్ని లూప్‌లైన్లో పెట్టారు. మెయిల్ బండి పోయేదాకా గూడ్సు బండి పక్కకు తప్పుకునే లైను అది. బండి ఆగాక ఆయన తిట్లు మొదలుపెట్టారు.

"ఏరా సూరిగా, నోట్లో ఏటున్నాది? సుట్టేటి?"

"మీరూ చూసేరు కదా ఉస్తాద్, అందుకని..."

"నాను సూసేనని నీకెవుడు సెప్పేడు? కళ్ళు తెరిసున్నాయి గాబట్టి సూసేననుకున్నావా? కళ్ళు తెరుసుకునీ నిద్దరోయే డ్రైవర్లు ఈ షెడ్డు నిండా ఉన్నారు. నీ బావమరిది కూడా అలాగే నిద్దరోతాడు, ఎల్లి సూడు." కాసేపు మీసం దువ్వుకుని, ఈసారి తిట్టకుండా అన్నారు. "నువ్వు సెప్పీసినంత మాత్రాన సెప్పినట్టు కాదురా. అవతలోడు తిరిగి పలికితేనే సెప్పినట్టు. నాను పలక్కపోతే నన్నడక్కు. బ్రేకేసీ."

రైల్వే నిబంధనల పుస్తకంలో ఈ మాట ఏదో రూపంలో ఉండే ఉంటుంది. నాకు మాత్రం ఆయన నోటి నుంచి విన్నదే శాసనం. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగిలిన చదువంతా లూప్‌లైన్లలోనే. బొగ్గు బండిని పూటలు పూటలు ఆపేసేవాళ్ళు. విశాఖపట్నం నుంచి తెలుగు పేపరు పాతదై వచ్చేది. ఆయన డబ్బులిచ్చి తెప్పించేవారు, నాచేత గట్టిగా చదివించుకునేవారు. రాజకీయాలు వద్దు, సినిమాలు వద్దు. "వాతావరణం సదువు" అనేవారు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఉంటే, ఆ ముక్క రెండోసారి చదవమనేవారు. కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. తప్పు పలికితే పక్కటెముకల్లో మోచేత్తో పొడిచేవారు. అల్పపీడనం, వాయుగుండం, తీరం దాటడం, ఇవి నేను అమ్మ, ఆవు తర్వాత నేర్చుకున్న మాటలు. ఆ పేపరు నా చేతికి రాకపోతే నేను ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాయలేను.

ఆయనకు ఉన్నది ఒక్క అక్క. ముత్యాలమ్మ. మా ఉత్తరాంధ్రవాళ్ళకు అక్క అంటే అప్ప, నాకూ అప్పే. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే ఒక గాలికి, అంటే తుపానుకు, అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. అప్ప ఆయన్ని చంకనేసుకుని చేపలమ్మి పెంచింది, రైల్వేలోకి పంపింది, తను మాత్రం పేట వదలలేదు. బిలాస్‌పూర్ రమ్మని ఆయన ఎన్నిసార్లు చెప్పినా, వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళిపోయేది. వచ్చినప్పుడు గంప నిండా ఎండు నెత్తళ్ళ చేపలు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ క్వార్టర్లో అత్తరు ఓడిపోయేది. ఒకసారి వచ్చినప్పుడు ఒంటి మీద జరీ అంచు పట్టుచీర, మధ్యలో పెద్ద చిరుగు, దాన్ని వలతాడుతో కుట్టుకుంది. ఎర్రయ్య గారు చూసి అదిరిపడ్డారు.

"ఇదేటప్పా ఈ సీర?"

"మీవోళ్ళే పంపేరు కదరా. మొన్నటి గాలికి. బియ్యం మూటలూ సీరలూ రైలెక్కించీసి పంపలేదా? ఇది కట్టుకునీసి సేపలమ్ముతుంటే, హెడ్‌క్లర్కు పెళ్ళాం బజారుకొచ్చిందనీసి నవ్వుతున్నారు నన్ను."

మేమందరం పడీ పడీ నవ్వాం. ఆవిడా నవ్వింది. నవ్వనిది ఎర్రయ్య గారొక్కరే. మా కాలనీలో అదొక ఆచారం. ఒడ్డున తుపాను వచ్చిందంటే చాలు, సంఘం వాళ్ళు ఇంటింటికీ తిరిగి పాత బట్టలూ బియ్యమూ పోగుచేసి, బండి చివర ఉండే గార్డు పెట్టెలో ఎక్కించి పంపేవాళ్ళు. పంపేటప్పుడు ఫొటో. దండలు. అదొక పండగ. తుపాను వెళ్ళాక చేసే పనిలో మా వాళ్ళను మించినవాళ్ళు లేరు. తుపానుకు ముందు చేసే పని ఒకటి ఉంటుందని ఎవరికీ తట్టలేదు, తట్టించుకోవలసిన అవసరమూ లేదు, తడిసేది వాళ్ళ కొంపలు కావు గనక.

ఆ రోజే అప్ప ఇంకో మాట చెప్పింది. వాళ్ళ చిన్నతనంలో పడవలు ఆరబెట్టిన ఇసుక ఇప్పుడు లేదట, అక్కడ నీళ్ళట. గాలి వచ్చే నెల అని ఒకటి ఉండేది, ఇప్పుడు ఏ నెలలో పడితే ఆ నెలలో వస్తోందట. "సముద్రానికి బుద్ధి సెడిపోయిందిరా" అంది.

"లేటు రన్నింగు మామూలే గానీ, ముందే వచ్చే బండి ప్రమాదమప్పా" అన్నారు ఎర్రయ్య గారు. "లైను మీద ఎవుడూ తయారుగా ఉండడు."

ఇప్పుడు పెద్ద చదువులు చదివినవాళ్ళు భూమి వేడెక్కుతోందనీ, తుపాన్ల తీరు మారుతోందనీ చెబుతుంటే టీవీ ముందు కూర్చున్నవాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. నాకు ఆశ్చర్యం లేదు. ఎండు నెత్తళ్ళు వేగుతున్న వంటింట్లో, ఒక చేపలమ్మే మనిషి నోట అది విన్నవాణ్ణి.

తర్వాతి సంఘం సమావేశానికి ఎర్రయ్య గారు నన్ను వెంటబెట్టుకు వెళ్ళారు. మా అధ్యక్షుడు రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కు. పేరు రాయను, ఆయన పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. మాట మెత్తన. మనిషిని నొప్పించకుండా కాదనడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎర్రయ్య గారు లేచి, ఈసారి బట్టలు పంపడం కాదు, గాలి వస్తే జనం తలదాచుకునే గట్టి కట్టడం ఒకటి కట్టిద్దాం, గెడ్డకు అవతల, పేట వెనక మెరక మీద కట్టిద్దాం అన్నారు. కట్టడం అనగానే చప్పట్లు. చందాలకు ఎవరూ వెనక్కి తగ్గలేదు. కట్టేది ఎక్కడ అనే దగ్గర గొడవ.

"అవతల రోడ్డు లేదు కదా ఎర్రయ్య గారూ" అన్నాడు హెడ్‌క్లర్కు. "సిమెంటు ఎలా తీసుకెళ్తాం? ఇవతల, బస్సు ఆగే చోట కడితే నలుగురికీ కనబడుతుంది. మామూలు రోజుల్లో పెళ్ళిళ్ళకూ పనికొస్తుంది."

"గాలొచ్చినప్పుడు ముందు పొంగేది గెడ్డ. పేటోళ్ళు దాటి ఎలా వొస్తారు?"

"ముందే బయల్దేరాలి."

"అచ్ఛా. మరి ఊరోళ్ళకి పక్కా ఇళ్ళున్నాయి గదా. మీకెందుకు ఆ హాలు? పాకల్లో ఉన్నోళ్ళ దగ్గర కట్టండి. కావాలంటే మీరే దాటి రండి."

వెనకనుంచి ఎవరో అన్నారు, మెల్లగానే అన్నా అందరికీ వినబడింది: "మన ఆడవాళ్ళు పేటలోకి వెళ్ళి పడుకుంటారా?"

ఎవరూ ఆ మనిషిని గదమాయించలేదు. హెడ్‌క్లర్కు బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. కాలనీలో ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టేవాళ్ళు, ఒకే క్యాంటీన్లో పక్కపక్కన తినేవాళ్ళు, ఒకరి పిల్లల పెళ్ళికి ఒకరు పెట్రోమాక్సు మోసినవాళ్ళు. రైలెక్కి ఇంత దూరం వచ్చి, గెడ్డను మాత్రం వెంట తెచ్చుకున్నారు. నేను లేచి, సిగ్గులేదా మీకు అని అరిచాను. నన్ను కూర్చోబెట్టారు. ఎర్రయ్య గారు అరవలేదు. అప్పటిదాకా ఆ సంఘంలో మొదటి వరస కుర్చీ ఆయనదే, మెయిన్ లైన్ డ్రైవరు గనక. ఆ కుర్చీ ఖరీదు ఎంతో ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది.

"సరే. ఇవతలే కట్టండి" అన్నారు. "తలుపు తీసేదెవరు?"

"అది చెప్పాలా? మా తమ్ముడు ఊళ్ళోనే ఉన్నాడు. తాళంచెవి వాడి దగ్గర ఉంటుంది. మీవాళ్ళు రాగానే తీస్తాడు."

హాలు లేచింది. ముందు వరండాకు రేకుల కప్పు, లోపలి తలుపు ముందు ఇనుప కటకటాల గేటు, గేటు పక్కన పాలరాతి పలక. పలక మీద పేర్లు చెక్కించడానికి పట్టిన శ్రద్ధ పునాదికి పట్టిందో లేదో నేను చెప్పలేను. పెళ్ళిళ్ళు బాగా జరిగాయి.

ఎర్రయ్య గారు ఊరుకునే మనిషి కాదు. హాలు గెడ్డకు ఇవతలే ఉన్నప్పుడు, గెడ్డ పొంగకముందే పేట మొత్తం కదలాలి. అందుకు దారేమిటి? సెలవు పెట్టి, నన్నూ లాక్కుని పేటకు వెళ్ళారు. అక్కడ రేడియో ఉంది, ఒకటో రెండో. తుపాను కబురు వచ్చేది. ఒకడు విని పక్కవాడికి చెప్పేవాడు, వాడు తల ఊపేవాడు, అంతే, కబురు అక్కడే ఇసుకలో ఇంకిపోయేది. ఆయన ఇంజన్లో పద్ధతి అక్కడ పెట్టారు. మొదటి పాకవాళ్ళు కేకెయ్యాలి: "గాలి లేస్తంది, గెడ్డ దాటండి!" రెండో పాకవాళ్ళు అదే మాట పూర్తిగా తిరిగి కేకెయ్యాలి. అది వినబడ్డాకే మొదటివాళ్ళు కదలాలి. రెండో పాకవాళ్ళు మూడో పాకకు. పలకని పాక ఉంటే, వెళ్ళి మనిషిని పట్టుకుని లేపాలి. అంతే పద్ధతి. దానికి సిమెంటు అక్కర్లేదు, పాలరాయి అక్కర్లేదు.

మొదటిరోజు పేటంతా నవ్వులాట. పట్టపగలు, ఆకాశంలో మబ్బు తునక లేదు, పాక పాకకూ నిలబడి మనుషులు అరుచుకుంటున్నారు. ఒక తాత "గాలి లేస్తంది" అని అరిచేసి, మిగతాది మరిచిపోయి "గంజి తాగండి!" అన్నాడు. అప్ప పొరుగున నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది, గొంతు పేట చివరిదాకా పోయేది. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని అంది: "డ్రైవరు బాబూ, పెళ్ళై ఇన్నేళ్ళయ్యింది, నాను సెప్పిందేటీ మా ఆయన ఒక్కపాలైనా తిరిగి పలకలేదు. ఈ పని ఆయన సేత సేయించగలిగితే నీ కాళ్ళకి దండం పెడతాను."

"పలక్కపోతే ఏటి సెయ్యాలో మా సూరిగాడు సెప్తాడు" అన్నారు ఎర్రయ్య గారు.

"బ్రేకెయ్యాలి" అన్నాను.

"అదెప్పుడో వేసీసినాడు బాబూ, మా ఆయన. కదలడు!"

అప్ప ఆ పద్ధతిని తన చేతిలోకి తీసుకుంది. మేం వచ్చేశాక కూడా వదలకుండా, వారం వారం పేటను అరిపించేదట. బిలాస్‌పూర్ వచ్చినప్పుడు మాకు చెప్పేది, ఎవరు పలికారు, ఎవరు బద్ధకించారు అని. ఎర్రయ్య గారు ఆ కబుర్లు వింటూ మీసం దువ్వుకునేవారు. ఆయనను అంత సంతోషంగా నేను మరెప్పుడూ చూడలేదు.

తొంభైల్లో ఒక కార్తీకం. మేం లూప్‌లైన్లో ఉన్నాం. అంతకుముందు రోజు పేపర్లో వాయుగుండం అని చదివాను. స్టేషన్లో రేడియో పెట్టి ఉంది, తీరం దాటుతుందని చెప్పారు, మా ఊళ్ళ దగ్గరే. ఎర్రయ్య గారు చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. "దాటేస్తారులే" అన్నారు. "మా అప్ప ఉన్నాది." మర్నాడు బిలాస్‌పూర్‌లో ముసురు పట్టింది, ఇప్పుడు పట్టినట్టే. అందిన రైళ్ళు పట్టుకుని వెళ్ళాం. పట్టాలు తెగిన చోట దిగి నడిచాం.

పేట దాటేసింది. ఆ మాట ముందు రాయాలి. గెడ్డ పొంగకముందే, ముసలీ ముతకా, మేకా కోడీతో సహా పేట పేటంతా ఇవతలికి వచ్చేసింది. అప్ప గెడ్డ దగ్గర నిలబడి పేరు పేరునా పిలిచి అందరినీ దాటించి ఆఖరున తను దాటింది. వచ్చి చూస్తే గేటుకు తాళం. తాళంచెవి ఉన్న హెడ్‌క్లర్కు తమ్ముడు ముందురోజే పట్నంలో అత్తవారింటికి వెళ్ళాడు, చెవి మొలతాడుకు కట్టుకుని. లోపల పెళ్ళిళ్ళ సామాను ఉంది, పేటవాళ్ళు వస్తే పోతాయేమోనని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఇది నేను కల్పించి రాయడం లేదు, ఆ తమ్ముడే తర్వాత నాతో అన్నాడు, అందులో తప్పేముందన్నట్టు. కొందరు గేటు ఊపారు, రాళ్ళతో కొట్టారు. కొందరు ఊళ్ళోకి పరుగెత్తి తలుపులు తట్టారు. కొన్ని తెరుచుకున్నాయి, ఎక్కువ తెరుచుకోలేదు. మిగిలినవాళ్ళు వరండాలో రేకుల కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. గాలికి ఆ రేకులు లేచాయి. గాలిలో రేకు అంటే కత్తి. అప్ప అక్కడే పోయింది. ఆమెతో ఇంకొందరు.

మేం చేరేసరికి హాలు తెరిచారు. లోపల పెళ్ళిపీటలు, షామియానా గుడ్డలు, గుండిగలు. ఏదీ తడవలేదు. అంత పొడిగా ఉన్న చోటు నేను ఆ జిల్లాలో ఆ రోజు ఇంకొకటి చూడలేదు.

నూకాలమ్మ ఎర్రయ్య గారి కాళ్ళ దగ్గర కూలబడింది. గొంతు పోయింది ఆవిడకు, గుసగుసలా వచ్చింది మాట. "బాబూ, నువ్వు నేర్పినట్టే సేసేం. అన్ని పాకలూ పలికేయి. మా ఆయన కూడా పలికేడు బాబూ. గేటొక్కటే పలకలేదు."

ఆయన ఏడవలేదు. అప్పను దహనం చేశారు. మర్నాడు ఎక్కడినుంచో ఇనుము కోసే రంపం తెచ్చి, పేట మగవాళ్ళు వంతులవారీగా సాయం పడుతుండగా, ఆ గేటును కమ్మీ కమ్మీ కోసి తీసి గెడ్డలో పారేశారు. ఊరివాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ఆపడానికి ఎవరూ ముందుకు రాలేదు.

బిలాస్‌పూర్‌లో సంతాపసభ పెట్టారు. బల్ల మీద అప్ప ఫొటో, దండ. ఒక మూల అప్పుడే మొదలుపెట్టిన పాతచీరల మూటలు. హెడ్‌క్లర్కు మాట్లాడుతూ ప్రకృతి ముందు మనిషి ఎంత అన్నాడు, విధి అన్నాడు, ముత్యాలమ్మ గారి పేరు కూడా పాలరాతి మీద చెక్కిస్తాం అన్నాడు. ఎర్రయ్య గారు లేచి బల్ల దాకా నడిచి వెళ్ళారు. నేను పక్కనే ఉన్నాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పెసిడెంటు గారూ, నానొక్క ముక్క సెప్తాను. మీరు తిరిగి పలకండి. సాలు. నాకింకేటీ వొద్దు."

"చెప్పండి ఎర్రయ్య గారూ."

"గేటుకి తాళమేసి ఉన్నాది."

హెడ్‌క్లర్కు చుట్టూ చూశాడు. "అంటే, ఆ పరిస్థితుల్లో..."

"గేటుకి తాళమేసి ఉన్నాది. పలకండి."

"ఎర్రయ్య గారూ, మీ బాధ మాకు..."

"పలకండి."

ఆయన పలకలేదు. మొదటి వరస పలకలేదు. వెనక వరసలు నేల చూశాయి. నేను పలికాను, అరిచి పలికాను, కానీ నేను పలికితే ఏం లాభం, తాళం వేసింది నేను కాదు. ఎర్రయ్య గారు బల్ల మీది ఫొటో తీసుకుని, దండ అక్కడే వదిలేసి బయటికి నడిచారు. మళ్ళీ ఆ సంఘం గడప తొక్కలేదు. వాళ్ళేం చేశారో చెబితే మీరు నమ్మరు. గేటు ధ్వంసం చేశాడని ఆయన మీద కేసు పెట్టించారు. ఆయన మీసానికి రంగు వేసుకుని, పట్టు రుమాలు కట్టుకుని కోర్టుకు వెళ్ళి, "నానే కోసేను, మళ్ళీ పెడితే మళ్ళీ కోస్తాను" అని జరిమానా కట్టి వచ్చారు. వాళ్ళు మళ్ళీ పెట్టారు. ఈసారి కమ్మీలు లావు. ఎర్రయ్య గారు రిటైరై పేటకు వెళ్ళిపోయారు, అప్ప పాక చోట పాక వేసుకుని. మళ్ళీ కొయ్యడానికి గానీ, ఇంకో గాలి చూడడానికి గానీ ఆయుష్షు చాల్లేదు. పోయారని నాకు తెలిసేసరికి పదోరోజు కూడా అయిపోయింది.

ఆయన నాకు చదువు ఇచ్చారని పైన రాశాను. అదొక్కటే అయితే దండం పెట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయన ఇచ్చింది ఇంకొకటి ఉంది, అది చల్లారదు. ఏటా సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్తాను. చివర్లో ఇంకెవరైనా మాట్లాడతారా అని అడుగుతారు, మర్యాదకు. నేను లేస్తాను. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అంటాను. మొదట్లో కోప్పడేవాళ్ళు. తర్వాత నవ్వేవాళ్ళు. ఇప్పుడున్నవాళ్ళలో చాలామందికి నేను ఏ తాళం సంగతి అడుగుతున్నానో కూడా తెలియదు.

ఈ ఏడు కార్యదర్శి కొత్తవాడు, కుర్రవాడు, మర్యాదస్తుడు. తెలుగు చదవలేడు, హిందీలో రాసుకుని తెలుగులో చదివాడు. ఊళ్ళో మన హాలును బాగుచేయిస్తున్నామని చెప్పాడు. పలకరాళ్ళు, ఏసీలు, తుపాను షెల్టరు అని ముందు పెద్ద బోర్డు. తాళంచెవులతో గొడవ లేకుండా తలుపుకు కరెంటు తాళం పెడుతున్నామని, ఇక్కడ బిలాస్‌పూర్‌లో కూర్చుని ఫోన్లో నొక్కితే అక్కడ తెరుచుకుంటుందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"తుపానొస్తే ముందు పోయేది కరెంటు. అప్పుడు తీసేదెవరు?"

వాడు నవ్వలేదు, నిజం చెప్పాలి. పక్కవాణ్ణి చూశాడు, ఆ పక్కవాడు వాచీ చూసుకున్నాడు. "అచ్ఛా పాయింట్ హై, తాతగారూ. నోట్ చేసుకుంటాం. కూర్చోండి" అన్నాడు. చేతిలో కలం లేదు. వరండాలో భోజనాలు వడ్డించడం మొదలైంది, కుర్చీలు ఖాళీ అయ్యాయి, ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకుని "పులిహోర అయిపోతుంది తాతగారూ, రండి" అన్నారు. మోకాళ్ళు పీకుతున్నా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాను, కార్యదర్శి విస్తరి ముందు కూర్చునేదాకా. తినకుండా ఇంటికి వచ్చేశాను. వచ్చే ఏడు మళ్ళీ వెళ్తాను. పిలవకపోయినా వెళ్తాను.